దెబ్బ పడకముందటి చట్టం

అటవీ అమరవీరుల దినం నాడు మార్కాపురంలో చేసిన స్మారక ఉపన్యాసం



అటవీ అమరుల పేరిట జరిగే సభ కాబట్టి పందిళ్లపల్లి శ్రీనివాస్‌తో మొదలుపెడతాను. రాజమండ్రిలో పుట్టిన తెలుగువాడు. కర్ణాటక కేడర్ ఐఎఫ్ఎస్ అధికారి. గంధపుచెక్కల స్మగ్లరు వీరప్పన్ సొంతూరు గోపీనాథంలో ఉండి పనిచేశాడు. అక్కడ మారియమ్మ గుడి కట్టించాడు, ఊరివాళ్ల మంచిచెడ్డలు చూశాడు, వీరప్పన్ మనుషుల్లో కొందరిని లొంగిపోయేలా ఒప్పించాడు. వీరప్పన్ కూడా లొంగిపోతానంటున్నాడని కబురు వస్తే నమ్మి, ఆయుధం లేకుండా అడవిలోకి వెళ్లాడు. 1991 నవంబరు 10న ఆయన్ను చంపేశారు. ప్రభుత్వం మరణానంతరం కీర్తిచక్ర ఇచ్చింది.

2013 డిసెంబరులో శేషాచలం అడవిలో ఎర్రచందనం నరికేవాళ్ల చేతుల్లో ఇద్దరు అటవీ ఉద్యోగులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గిద్దలూరు అడవుల్లోనూ ఎర్రచందనం ఉంది గనుక ఇక్కడి బీట్ ఆఫీసర్లకు అది పరాయి వార్త కాదు. 2022 నవంబరు 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చంద్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర రేంజ్ అధికారి చలమల శ్రీనివాసరావును వేటకొడవళ్లతో నరికారు. ప్లాంటేషన్ మొక్కల దగ్గర మొదలైన గొడవ అది. మరుసటి ఏడాదే కోర్టు ఇద్దరికి యావజ్జీవ శిక్ష వేసింది. తెలంగాణ ప్రభుత్వం ఆ కుటుంబానికి 50 లక్షల రూపాయలు ప్రకటించింది.

ఆ కేసులో చట్టం తన పని చేసింది. మన కోర్టుల సంగతి తెలిసినవాళ్లకు, ఏడాదిలోపు తీర్పు రావడం ఎంత అరుదో కూడా తెలుసు. అయినా నన్ను ఒక ప్రశ్న తొలుస్తూనే ఉంది. ఎర్రబోడుకు బయల్దేరేముందు ఆ రేంజర్ని కాపాడే బాధ్యత ఫలానా వారిదని ఏ చట్టంలో రాసి ఉంది? పోడు గొడవలు నలుగుతున్న చోటికి ఎంతమంది వెళ్లాలి, పోలీసులకు ఎవరు కబురు చెయ్యాలి, ఊరి పెద్దలతో ముందుగా ఎవరు మాట్లాడాలి? ఎక్కడా రాసి లేదు. దెబ్బ పడిన తర్వాత మాట్లాడే చట్టాలు మనకు కావలసినన్ని ఉన్నాయి. దెబ్బ పడకముందే యజమాని మెడకు బాధ్యత తగిలించే చట్టం లేదు. ఇక్కడ యజమాని అంటే ప్రభుత్వమే. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఉన్న చట్టాలను త్వరగా చూసి ముందుకు పోదాం. ప్రభుత్వ కార్యాలయాల్లో గోడ మీద ఒక బోర్డు ఉంటుంది, విధులకు ఆటంకం కలిగిస్తే ఫలానా సెక్షను కింద చర్య తప్పదని. పాత బోర్డుల మీద ఐపీసీ 353 అని ఉంటుంది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి ఇప్పుడది 132. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణ నుంచి ఆపడానికి దౌర్జన్యం చేస్తే రెండేళ్ల దాకా జైలు. గాయపరిస్తే 121 కింద అయిదేళ్ల దాకా, తీవ్రగాయమైతే పదేళ్ల దాకా. ఆసుపత్రుల కోసం మన రాష్ట్రంలో 2008 నుంచే ప్రత్యేక చట్టం ఉంది: వైద్యుణ్ణి, నర్సును, ఇతర సిబ్బందిని కొట్టినా, ఆసుపత్రి ఆస్తి పగలగొట్టినా మూడేళ్ల జైలు, 50,000 రూపాయల జరిమానా, బెయిలు హక్కుగా దొరకని నేరం. కరోనా కాలంలో, 2020 ఏప్రిల్ 22న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని సవరించింది. తీవ్రగాయమైతే ఏడేళ్ల జైలు, 5 లక్షల జరిమానా దాకా వెళ్లింది, 30 రోజుల్లో దర్యాప్తు ముగించాలంది. ఆ కాఠిన్యమంతా అంటువ్యాధి కాలానికే.

శిక్షలు చాలలేదా? నేను వృత్తిరీత్యా వకీలుని. మార్కాపురం, గిద్దలూరు కోర్టుల్లో ఈ సెక్షన్ల కింద వచ్చే కేసులు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ఒకదాని గురించి ఊరూ పేరూ లేకుండా చెబుతాను. రాత్రి ఆఖరి బస్సు. ఇద్దరు కుర్రాళ్లు టికెట్ తీసుకోమంటే తీసుకోలేదు. కండక్టరు బస్సు ఆపించాడు. వాళ్లు అతని చేతిలో టికెట్లిచ్చే టిమ్ మిషను లాక్కుని నేలకేసి కొట్టి, కాలరు పట్టి కిందికి దించి కొట్టారు. క్యాష్ బ్యాగు తెగి చిల్లరంతా రోడ్డు మీద పడింది. ఆ రాత్రి డిపోలో అతన్ని మొదట అడిగింది దెబ్బలు ఎక్కడ తగిలాయని కాదు, కలెక్షన్‌లో ఎంత తగ్గిందని. కేసు కట్టారు. విచారణకు వచ్చేసరికి రెండేళ్లు దాటింది. బస్సులో ఉన్నవాళ్లు ఒక్కరూ సాక్ష్యానికి రాలేదు. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని మాట్లాడారు. ఈ నేరానికి కోర్టులో రాజీ కుదరదు, చట్టం ఒప్పుకోదు. రాజీ కుదరని చోట సాక్షికి మతిమరుపు వస్తుంది. కండక్టరు బోనులో నిలబడి, చీకటిగా ఉంది, కొట్టింది ఎవరో సరిగ్గా చూడలేదని చెప్పాడు. చెబుతున్నంతసేపూ బోను చెక్క అంచును బొటనవేలి గోరుతో గీకుతూనే ఉన్నాడు. ముద్దాయిల తరపు వకీలుగా నాకు అడగడానికి ప్రశ్న కూడా మిగల్లేదు.

ఆ కండక్టరు పిరికివాడని నేను అనుకోలేదు. అతను మళ్లీ ఆ ఊరి మీదుగానే బస్సు తీసుకుపోవాలి. లైన్‌మన్ బిల్లు కట్టని ఇంటికి ఇవాళ కనెక్షను తీసేసి, రేపు ఆ వీధిలోనే స్తంభం ఎక్కాలి. ఏఎన్ఎం మళ్లీ ఆ గుమ్మం ముందుకే టీకాల పెట్టె పట్టుకుని వెళ్లాలి. ప్రభుత్వోద్యోగి మీద జరిగే దౌర్జన్యానికీ మామూలు కొట్లాటకీ తేడా ఇక్కడే ఉంది. మామూలు కొట్లాటలో మనిషి ఆ వీధికి వెళ్లడం మానుకోగలడు. ఉద్యోగి మానుకోలేడు, జీతం ఆ వీధికి వెళ్లినందుకే. అలాంటివాడి భుజాల మీద కేసు మొత్తం పెట్టి, అది ఓడిపోతే ఉద్యోగులే సాక్ష్యం చెప్పడం లేదంటాం.

కావలి సంగతి గుర్తుండే ఉంటుంది. 2023 అక్టోబరులో దారి ఇమ్మని హారన్ కొట్టినందుకు ఆర్టీసీ డ్రైవరును ఒక ముఠా నడిరోడ్డు మీద కొట్టింది. ఫోన్లలో ఆ వీడియో రాష్ట్రమంతా చూసింది కాబట్టి అరెస్టులు వెంటనే జరిగాయి. వీడియో లేని దెబ్బల గతి నేను చెప్పిన కండక్టరుదే. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ వాళ్లు ప్రభుత్వోద్యోగులయ్యారు. హోదా వచ్చింది, ఆఖరి బస్సు మాత్రం ఆఖరి బస్సుగానే ఉంది.

ఇక, దాడి ఆరోపణలు అధికారం ఉన్నవాళ్ల మీదే వచ్చిన సందర్భాలు. 2015 జూలై 8న కృష్ణా జిల్లా ముసునూరు తహసీల్దారు వనజాక్షి ఇసుక అక్రమ తవ్వకాన్ని ఆపబోయి దాడికి గురయ్యారు. 2019 జూన్ 30న కాగజ్‌నగర్ మండలం సార్సాలలో మొక్కలు నాటించబోయిన రేంజ్ అధికారిణి అనితను ట్రాక్టరు మీద నిలబడి ఉండగా కర్రలతో కొట్టారు. 2024 డిసెంబరు 27న అన్నమయ్య జిల్లా గాలివీడులో ఎంపీడీవోపై మండల పరిషత్ కార్యాలయంలోనే దాడి జరిగింది. 2025 ఆగస్టు 19 రాత్రి మన డోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే దారిలోనే, శిఖరం చెక్‌పోస్టు దగ్గర, ఒక శాసనసభ్యుడూ ఆయన మనుషులూ తమను కొట్టి, తమ శాఖ వాహనంలోనే తిప్పి, అతిథిగృహంలో నిర్బంధించారని అటవీ సిబ్బంది ఫిర్యాదు చేశారు. కేసు నమోదైంది, నిజానిజాలు తేల్చవలసింది కోర్టు. ఈ నాలుగు సందర్భాల్లో ఆరోపణలు ఎదుర్కొన్నవాళ్లు ఒకే పార్టీ వాళ్లు కారు. ఒక పార్టీని తిట్టి ఊరుకుంటే సరిపోదని చెప్పడానికే ఇవన్నీ ఒకచోట చెప్పాను.

డోర్నాల-శ్రీశైలం దారి సంగతి తెలియనివాళ్ల కోసం: పులుల అభయారణ్యం గనుక రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలు వదలరు. ఆ గేటు దగ్గర ఉండేది ఒక రిజిస్టరు, ఒక టార్చి, అడ్డంగా ఒక ఇనుప గొట్టం, ఇద్దరో ముగ్గురో మనుషులు. వాళ్లలో ఒకరిద్దరు రోజుకూలీ మీదో ఔట్‌సోర్సింగ్ మీదో పనిచేసే వాచర్లు. తొమ్మిది దాటాక స్వామి దర్శనానికి ఆలస్యమైందని ఒకరు, పలుకుబడి ఉందని ఒకరు, ఒంట్లో బాగాలేదని ఒకరు గేటు ఎత్తమంటారు. ఎత్తితే పైఅధికారి మెమో ఇస్తాడు, ఎత్తకపోతే కారులోంచి దిగినవాడు చెయ్యెత్తుతాడు. రాత్రి రాకపోకల నిషేధం అనే రూలు రాసినవాళ్లు ఆ రూలును మొయ్యబోయే మనిషి గురించి ఒక్క వాక్యమైనా రాసి ఉండాల్సింది.

వాచర్ల గురించి ఇంకో మాట. నల్లమల లోపలి బేస్ క్యాంపుల్లో తిరిగేవాళ్లలో చెంచు యువకులు చాలామంది ఉన్నారు. అడవి వాళ్లకు తెలిసినంతగా మనకెవరికీ తెలియదు. వాళ్ల మీద చెయ్యి పడితే ముద్దాయి వకీలు మొదట అడిగే ప్రశ్న ఏమిటో నాకు బాగా తెలుసు: ఇతను ప్రభుత్వోద్యోగేనా? నియామక పత్రం ఏది? జీతం ఇచ్చేది ఏజెన్సీ కదా? ఆశా కార్యకర్తకు ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. అంగన్‌వాడీ టీచరుకూ అంతే. ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంటు కాంట్రాక్టు మీద. పడమటి ప్రకాశంలో ప్రభుత్వం పేరు చెప్పుకుని గుమ్మం తొక్కేవాళ్లలో సగానికి సగం ఇలాంటివాళ్లేనని నా అంచనా. దెబ్బ తినే అవకాశం వాళ్లకే ఎక్కువ, సెక్షను అండ వాళ్లకే అనుమానం. రేంజ్ అధికారి శ్రీనివాసరావు కుటుంబానికి 50 లక్షలు ప్రకటించారు గానీ, వాచరు చనిపోతే అంత ఇవ్వాలని ఏ చట్టంలోనూ రాసిపెట్టలేదు. సంఘాలు పోరాడితే వస్తుంది, లేకపోతే చందాలు.

ఆసుపత్రి దగ్గరికి వస్తాను. మన దగ్గర దౌర్జన్యం ఎక్కువగా పుట్టేది ఒకే మాట దగ్గర: రెఫర్. తలకు దెబ్బ తగిలినా, కాన్పు కష్టమైనా, పాము కరిచి ఊపిరి అందకపోయినా ఒంగోలు తీసుకుపొమ్మంటారు. మార్కాపురం నుంచి ఒంగోలు దాదాపు వంద కిలోమీటర్లు, గిద్దలూరు నుంచి ఇంకా దూరం. నంద్యాల పోదామంటే నల్లమల ఘాటు దాటాలి. అర్ధరాత్రి ఆ మాట చెప్పేది ఇరవై అయిదేళ్ల డ్యూటీ డాక్టరు, పక్కన ఒక నర్సు. మత్తు డాక్టరు లేడని, రక్తం లేదని, ఖాళీలు నింపలేదని ఆ కుటుంబానికి తెలియదు. కళ్లెదుట కనిపించే తెల్లకోటు ఒక్కటే తెలుసు. ఖాళీ పోస్టు ఎవరిదో, ఆ దెబ్బ ఎవరికి తగులుతోందో చూడండి. ఈ సంగతి పట్టించుకోకుండా మూడేళ్ల శిక్షను ఏడేళ్లు చేసినా ఆ కుటుంబం చెయ్యి ఆగదు. కేరళలో 2023 మే 10న కొట్టారక్కర తాలూకా ఆసుపత్రిలో యువ వైద్యురాలు వందనా దాస్‌ను, పోలీసులు చికిత్సకని తెచ్చిన మనిషే పొడిచి చంపాడు. కేరళ ప్రభుత్వం వెంటనే ఆర్డినెన్సు తెచ్చి శిక్ష ఏడేళ్ల దాకా పెంచింది. పెంచడం తప్పనను. కానీ ఆ తెల్లవారుజామున ఆ గదిలో లోటుపడింది శిక్ష కాదు, ఆ మనిషిని పట్టుకుని ఉండే ఏర్పాటు.

2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో వైద్యురాలిపై జరిగిన ఘోరం తర్వాత కేంద్ర ఆరోగ్య శాఖ ఒక ఉత్తర్వు పంపింది. వైద్య సిబ్బంది మీద దాడి జరిగితే ఆరు గంటల్లోపు సంస్థ అధిపతే ఎఫ్ఐఆర్ నమోదు చేయించాలని. చిన్న కాగితమే, నాకు మాత్రం పెద్దగా కనిపించింది. ఫిర్యాదు బరువును దెబ్బ తిన్న మనిషి మీంచి తీసి సంస్థ మీద పెట్టింది. నిజానికి విధులకు ఆటంకం అన్న నేరంలో, ఉద్యోగే కాకుండా అతని పైఅధికారి కూడా కోర్టుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చెయ్యవచ్చని మన ప్రొసీజర్ చట్టం ఎప్పటినుంచో చెబుతోంది. పైఅధికారి చెయ్యవచ్చు. చెయ్యడు. పైన ఇంకో పైఅధికారి, ఆయన పైన మంత్రిగారు. చెయ్యవచ్చు అన్నచోట చెయ్యాలి అని రాయడం మనకు కావలసిన మొదటి మార్పు.

ఇప్పుడు మీకు కొందరికైనా కొత్తగా అనిపించే సంగతి ఒకటి. కార్మికుల భద్రత కోసం పార్లమెంటు 2020లో వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ చేసింది. 2025 నవంబరు 21 నుంచి అది అమల్లో ఉంది. పని చోట ప్రమాదం లేకుండా చూడటం యజమాని విధి అని అందులో స్పష్టంగా ఉంది. కానీ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలకు ఈ కోడ్ వర్తించదని మొదట్లోనే రాసుకున్నారు. అక్కడ కాంట్రాక్టరు ద్వారా పనిచేసే కూలీలకు మాత్రం వర్తిస్తుందన్నారు. పలకల ఫ్యాక్టరీ యజమాని తన పనివాళ్ల భద్రతకు జవాబుదారీ. జిల్లా యంత్రాంగాన్ని నడిపే సర్కారు తన తహసీల్దారు కార్యాలయంలో గుమస్తా భద్రతకు జవాబుదారీ కాదు. మార్కాపురం పలకల గనుల్లో దుమ్ము మింగిన కార్మికుల కోసం భద్రతా చట్టం కావాలని అడిగినవాళ్లు ఈ సభలోనూ ఉన్నారు. ప్రభుత్వం తనకు తాను ఇచ్చుకున్న ఈ మినహాయింపు వాళ్లకు నచ్చుతుందని నేననుకోను.

వేరే దేశంలో ఇది ఎలా చేశారో ఒకటి చెబుతాను. న్యూయార్క్ రాష్ట్రంలో వాట్కిన్స్ గ్లెన్ అనే చిన్న ఊరుంది. 1992 అక్టోబరులో ఆ కౌంటీ కార్యాలయంలోకి, పిల్లల పోషణ ఖర్చు వసూలు మీద కక్ష పెంచుకున్న ఒక మనిషి తుపాకీతో వచ్చి నలుగురు మహిళా ఉద్యోగులను కాల్చి చంపాడు. ఉద్యోగ సంఘాలు ఏళ్ల తరబడి పట్టుబట్టాక 2006లో అక్కడ చట్టం వచ్చింది. అది ప్రధానంగా కొట్టినవాడి గురించి మాట్లాడదు, యజమాని గురించి మాట్లాడుతుంది. ప్రతి ప్రభుత్వ సంస్థా తన పని చోట్లను పరిశీలించాలి: ఎవరు ఒంటరిగా పనిచేస్తున్నారు, ఎవరు అర్ధరాత్రీ తెల్లవారుజామునా పనిచేస్తున్నారు, ఎవరు జనం దగ్గర డబ్బు తీసుకుంటున్నారు, ఎవరి గదిలోకి ఎవరైనా నేరుగా రావచ్చు. ఆ పరిశీలనలో ఉద్యోగ సంఘాలు పాల్గొనాలి. ఇరవై మంది, అంతకు మించి ఉన్న సంస్థలు నివారణ ప్రణాళిక రాతపూర్వకంగా పెట్టుకోవాలి. ఏటా శిక్షణ ఇవ్వాలి. ఆ ప్రశ్నలు చదువుతుంటే నాకు మన మనుషులే కనిపించారు. జనం దగ్గర డబ్బు తీసుకునేవాడు మన కండక్టరు, అర్ధరాత్రి పనిచేసేవాడు చెక్‌పోస్టు వాచరు, ఒంటరిగా పనిచేసేది ఆశా.

అంత దూరం పోనక్కర్లేదంటారా, ఇక్కడే చూడండి. రాజస్థాన్‌లో భన్వరీ దేవి ప్రభుత్వ మహిళాభివృద్ధి పథకంలో గ్రామ కార్యకర్త. బాల్యవివాహం ఆపబోయింది, అది ఆమె విధి. అందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. ఆమె కేసులో కింది కోర్టు నిందితులను అత్యాచార నేరం నుంచి విడిచిపెట్టింది. కానీ ఆ ఘటన నుంచే 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు వచ్చింది, అందులోంచి 2013లో పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చింది. కమిటీ వేయకపోతే యజమానికి జరిమానా అంటుంది ఆ చట్టం. అంటే యజమానిని బాధ్యుణ్ణి చెయ్యడం మన దేశానికి చేతకాని పనేమీ కాదు. ఒక రకం హింస విషయంలో చేశాం, మిగతా హింసను వదిలేశాం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించిన 190వ ఒడంబడిక పని ప్రపంచంలోని హింసనంతా ఒకటిగా చూస్తుంది, బయటివాళ్ల నుంచి వచ్చేదాన్నీ పనికి వెళ్లివచ్చే దారిలో జరిగేదాన్నీ కలుపుకుని. భారతదేశం ఇంకా దాన్ని ధ్రువీకరించలేదు.

ఇంతవరకూ ఉద్యోగుల పక్షాన మాట్లాడాను. ఇప్పుడు కౌంటరు అవతల నిలబడ్డ మనిషి గురించి మాట్లాడకపోతే నా మాట సగమే అవుతుంది. ఇవాళ్టి రోజును అటవీ అమరుల దినంగా ఎందుకు ఎంచుకున్నారు? 1730లో రాజస్థాన్ ఖేజర్లీ గ్రామంలో చెట్లను కౌగిలించుకున్న 363 మంది బిష్ణోయీలను నరికేసిన రోజు ఇది. వాళ్లు ఉద్యోగులు కారు, ఊరి జనం. నరికినవాళ్లు రాజుగారి మనుషులు, అంటే ఆనాటి ప్రభుత్వోద్యోగులు. ఉద్యోగుల అమరత్వానికి ఈ తేదీని ఎంచుకున్నవాళ్లు ఎంత ఆలోచించారో నాకు తెలియదు గానీ, ఎంపిక మాత్రం సరైనది. ప్రభుత్వం చేతిలో దెబ్బ తిన్న జనాన్ని మరిచిపోయి ప్రభుత్వోద్యోగుల రక్షణ చట్టం రాయకూడదని ఈ తేదీ చెబుతోంది.

2019 నవంబరు 4న అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారు విజయారెడ్డిని ఆమె గదిలోనే ఒక వ్యక్తి పెట్రోలు పోసి తగలబెట్టాడు. కాపాడబోయిన డ్రైవరు కూడా చనిపోయాడు. నిప్పంటించినవాడూ కాలిన గాయాలతో పోయాడు. ఆ హత్యకు ఏ సమర్థనా లేదు. ఆ తర్వాత కర్నూలు జిల్లా పత్తికొండ తహసీల్దారు కార్యాలయంలో అర్జీదారులు దగ్గరికి రాకుండా తాడు కట్టారు. ఆ ఫొటో పేపర్లలో చూసిన రోజు నాకు ఆ అధికారి మీద కోపం రాలేదు, ఆమె భయం నిజమైనది. కానీ తాడుకు ఇవతల అర్జీ పట్టుకుని నిలబడ్డ రైతు ఎప్పటినుంచి తిరుగుతున్నాడో ఎవరూ అడగలేదు. మన ప్రాంతంలో డీకే పట్టాలు, 22ఏ జాబితాలో ఇరుక్కున్న సర్వే నంబర్లు, రీసర్వేలో తగ్గిన సెంట్లు, ఒకరి పొలం ఇంకొకరి పేరున ఆన్‌లైన్ కావడం, ఇవేవీ చిన్న సంగతులు కావు. పరిష్కరించే అధికారం లేని వీఆర్వో, గొలుసు పట్టుకుని గట్టు మీద నిలబడ్డ సర్వేయరు ఆ కోపానికి ఎదురుపడతారు. అర్జీకి గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వడం కూడా ఉద్యోగి భద్రతా చర్యే. కొత్త చట్టంలో ఇదొక సెక్షను కావాలి.

అలాగే గోడ మీది బోర్డును బెదిరింపుగా వాడకూడదు. గట్టిగా మాట్లాడాడని, ఫోన్‌లో వీడియో తీశాడని, లంచం అడిగావని నిలదీశాడని కేసు పెట్టించే అలవాటు కొందరికి ఉంది. సుప్రీంకోర్టు 2015లో మానిక్ తనేజా కేసులో, బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలో ఫిర్యాదు రాసినందుకు పెట్టిన 353 కేసును కొట్టేసింది. దౌర్జన్యం లేనిచోట ఈ సెక్షను లేదంది. మన చట్టంలో ఈ మాటను స్పష్టంగా రాసుకోవాలి. ఎర్రబోడు తర్వాత అటవీ సిబ్బందికి తుపాకులు ఇవ్వాలన్న డిమాండు వచ్చింది. ఎర్రచందనం ముఠాల మీదికి వెళ్లే బృందాల సంగతి వేరు. చెంచు గూడెంలోకి, పోడు ఊళ్లోకి తుపాకీతో వెళ్లే బీట్ ఆఫీసరు మరింత సురక్షితంగా ఉంటాడని నేను నమ్మను. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఆగిపోయిన దరఖాస్తులు తేల్చడం అతని ప్రాణానికి ఎక్కువ రక్ష.

మరి చట్టంలో ఏముండాలి? ప్రజల పని చేసే ప్రతి మనిషినీ, జీతం ఏ పద్దు నుంచి వస్తున్నా, కాపాడాలి. పర్మనెంటు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్, గౌరవ వేతనం అనే గీతలు ఈ విషయంలో చెరిగిపోవాలి. ప్రతి మండల కార్యాలయం, డిపో, పీహెచ్‌సీ, రేంజ్ కార్యాలయం తన ఉద్యోగులతో కూర్చుని ఏటా ప్రమాదపు లెక్క రాయాలి. ఒంటరి పని ఎక్కడో తెలిస్తే ఇద్దరిని పంపడం, దీపం పెట్టడం, రాత్రి గేటు దగ్గరికి పోలీసు గస్తీ తిప్పడం పెద్ద ఖర్చు కాదు. దాడి జరిగితే కార్యాలయ అధిపతి ఆరు గంటల్లో ఫిర్యాదు చెయ్యాలి, చెయ్యకపోతే జరిమానా. సమాచార హక్కు చట్టంలో జవాబివ్వని అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా వేసినట్టే, సొంత జేబులోంచి. చికిత్స ఖర్చు, ఆ రోజుల వేతనం, కోర్టుకు వెళ్లే దారి ఖర్చు, పగిలిన మిషను ఖరీదు సంస్థవే. దెబ్బ తిన్నవాణ్ణి అతను అడగకుండా బదిలీ చెయ్యకూడదు. అడిగితే ఆపకూడదు.

నిందితుడు ప్రజాప్రతినిధి అయినప్పుడు దర్యాప్తు ఆ నియోజకవర్గపు స్టేషను చేతిలో ఉండకూడదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేస్తాడు, విధిని నిర్లక్ష్యం చేసిన ఉద్యోగికీ అందులో శిక్ష ఉంది. 1989లో ఆ చట్టం రావడానికి దారితీసిన ఘటనల్లో అప్పటి మన ప్రకాశం జిల్లా కారంచేడు మారణకాండ ఒకటి. అందుకే ఆ ఏర్పాటు మనకు కొత్తేమీ కాదు.

ఇవన్నీ ఒక్క బిల్లులో పట్టేవే. రాష్ట్ర ప్రభుత్వం తనకుతానుగా తెస్తే సంతోషం. తనను తాను కట్టేసుకునే చట్టాన్ని ఏ ప్రభుత్వమూ తొందరపడి తేదు గనుక, మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం శాసనసభ్యులను పార్టీలతో నిమిత్తం లేకుండా ముందుగా అడగాలి. శాసనసభలో ప్రైవేటు సభ్యుల బిల్లు పెట్టే హక్కు వాళ్లకు ఉంది. ముసాయిదా రాయడానికి మా కోర్టుల వకీళ్లం కొందరం సిద్ధంగా ఉన్నాం. ఉద్యోగ సంఘాలు, ఆశా, అంగన్‌వాడీ సంఘాలు, వాచర్లు, వాళ్లతోపాటు రైతు సంఘాలు కూడా వచ్చి ఆ కాగితం మీద తమ మాట రాయాలి. ముసాయిదా కోసం జరిపే మొదటి సమావేశానికి డోర్నాల చెక్‌పోస్టు డ్యూటీ చార్టు, మార్కాపురం, గిద్దలూరు డిపోల ఆఖరి బస్సుల జాబితా, పీహెచ్‌సీల్లో రాత్రి డ్యూటీ వివరాలు పట్టుకురండి. బిల్లులో ప్రమాదపు లెక్క ఎలా రాయాలో వాటిని చూసే నిర్ణయిద్దాం.